అంచు మీద ఎనిమిది

నేనొక మూడుని ఎనిమిది చేశాను.

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. అద్దం ముందు నిలబడి నాకు నేను చెప్పుకుందామన్నా నోరు పెగల్లేదు. చేసింది చిన్న పనే. ఒక ఇత్తడి బిళ్ళ అంచు మీదున్న నంబరులో ఆఖరి అంకె మార్చాను. సుత్తితో ఒక్క దెబ్బ. ముందు గదిలో ఉన్న అత్తయ్యకి కూడా వినపడలేదు.

జాలిపడి చేశానని అనుకుంటారేమో. కాదు. విసుగొచ్చి చేశాను.

మా అత్తయ్య కొట్టులో పనిచేస్తాను. మావయ్య ఉన్న రోజుల్లో అక్కడ నేమ్‌ప్లేట్లు, తాళంచెవులకి తగిలించే నంబరు బిళ్ళలు చేసేవాడు. ఆయన పోయాక అది పాత సామాన్ల కొట్టయింది. ఆయన సుత్తులు, చివర అంకె ఉండే ఉక్కు పంచ్‌లు వెనక గదిలో చెక్కపెట్టెలో అలాగే ఉండిపోయాయి. ఆ గదిలోనే కిటికీ పక్కన నా బల్ల. యుద్ధాల జ్ఞాపకార్థం ఇచ్చిన పతకాలు, టోకెన్లు, సైనికుల బిళ్ళలు ఎవరైనా తెస్తే అవేంటో, ఏ కాలానివో, ఎవరివో చెప్పడం నా పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అట్టలూడిన పాత కేటలాగులు తిరగేసి, వేలకొద్దీ బిళ్ళలు అరిగిపోయేలా చూసి, తప్పులు చేసి నేర్చుకున్నాను. వీధిలో నన్ను భూతద్దం అంటారు. నాకూ బాగానే ఉంటుంది ఆ పేరు.

పతకం చేతిలో పెట్టగానే అందరూ ముఖం చూస్తారు. నేను అంచు చూస్తాను. ముఖం అందరికీ ఒకటే. వెయ్యిమందికి ఒకటే అచ్చు. మనిషి ఉండేది అంచు మీద.

పోత పోసిన నకిలీ అయితే అంచు చుట్టూ ఆకురాయి గీతలుంటాయి. సూదిమొనంత బెజ్జాలుంటాయి. అచ్చు గుద్దినదైతే అంకెల మూలలు గోటికి తగులుతాయి. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను. ఈ గర్వం ఒకటి ఉండేది నాకు. ఇంకో గర్వం, ఉన్నదే చెబుతానని.

ఒకసారి ఒక దర్జీ వాళ్ళ తాతగారి శౌర్య పతకమని ఫ్రేము కట్టించి మరీ తెచ్చాడు.

"ఇది యుద్ధానికి ఇచ్చింది కాదండీ, భోజనానికి ఇచ్చింది," అన్నాను.

"అంటే?"

"క్యాంటీను టోకెను. ఇది ఇస్తే ఒక పూట అన్నం పెడతారు."

ఆయన కాసేపు దాన్నే చూసి, "మా తాత తిండి మానేసి దాచుకున్నాడంటే, అదీ శౌర్యమే కదమ్మా," అన్నాడు. వెళ్ళాక అత్తయ్య నా మీద విరుచుకుపడింది.

"అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయిందే? పాపం, ఫ్రేము కూడా కట్టించుకొచ్చాడు."

"ఉన్నది చెప్పడమే నా పని అత్తయ్యా."

"అవును. మనుషుల్ని పలకరించడం రాదుగానీ, బిళ్ళ అంచు చూసి వాడి తాత గుట్టు బయటపెట్టేస్తావు."

అలాంటి దాన్ని.

ప్రతి మంగళవారం మూడింటికి టీచరమ్మ వచ్చేది. ఒకప్పుడు టైపు నేర్పేది. డెబ్బై దాటాయి, కళ్ళకి పొరలొచ్చాయి. ఇప్పటికీ బల్ల మీద చెయ్యి పెడితే వేళ్ళు ఊరికే ఉండవు, ఏదో కొడుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న పోస్టుకార్డు తీసి నా ముందు పెట్టేది. యాభై ఏళ్ళ కిందట ఆమె తమ్ముడు రాసిన ఒకే ఒక కార్డు. సైన్యంలో తనకిచ్చిన నంబరు దాని మీద ఉంది. 40718. ఆ తర్వాత కార్డు లేదు, కబురు లేదు. పోయాడని కూడా ఎవరూ చెప్పలేదు.

"నాలుగు, సున్నా, ఏడు, ఒకటి, ఎనిమిది," అనేది, వేళ్ళతో కొడుతూ. "ఈ వారం ఏమైనా వచ్చిందా తల్లీ?"

"లేదు టీచరమ్మా."

"సరే. వచ్చే వారం వస్తాను."

సైన్యంలో పేరు రాయించుకోవడానికి తమ్ముడు ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు, "గడియ పెట్టకక్కా, సాయంత్రానికి వచ్చేస్తా," అన్నాడట. అప్పటినుంచి ఆమె వీధి తలుపు గడియ పెట్టలేదు. పగలూ లేదు, రాత్రీ లేదు. రెండుసార్లు దొంగలు పడ్డారు. అయినా పెట్టలేదు.

మొదట్లో ఆమె కథ చెబుతుంటే పని ఆపేసి వినేదాన్ని. నాలుగేళ్ళు... వారం వారం... అదే కార్డు, అవే ఐదు అంకెలు. మంగళవారం వస్తోందంటేనే నాకు తల బరువెక్కేది. ఆ "సరే" అన్న మాట వినలేకపోయేదాన్ని. దాంట్లో నింద లేదు. ఉంటే బాగుండేది.

అలాంటి ఒక మంగళవారం, రెండున్నరకి, తుక్కు కొనే అతను వచ్చాడు.

"ఇదిగో భూతద్దం, నీకు పండగే. సైన్యం వాళ్ళ పాత ఆఫీసొకటి మూసేశారు. బీరువాలు తూకానికి కొన్నాను. ఒకదాని అడుగున ఇది దొరికింది."

తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా. మూత తీయగానే పాత మైనం వాసన, దాని కింద ఇనుము నానిన వాసన... లోపల మైనపు కాగితం కవర్లు పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు.

అవేంటో నాకు విప్పకుండానే తెలుసు. యాభై ఏళ్ళ కిందటి ఆ యుద్ధం అయ్యాక, చనిపోయిన ఒక్కొక్కడి పేరిట వాళ్ళ ఇంటికివ్వడానికి ఒక స్మారక బిళ్ళ కొట్టించారు. ముఖం మీద తుపాకి తలకిందులుగా ఆనించి తలవంచుకున్న సైనికుడు. పేరు ఉండదు. అంచు మీద నంబరు మాత్రమే. ఇంటివాళ్ళొచ్చి తీసుకోవాలి. తీసుకోనివి ఆఫీసులోనే ఉండిపోయాయి. ఒక్కో కవరుకీ ఒక చీటీ అంటించి ఉంది. ఊదారంగు సిరా, గుమాస్తా రాత. నంబరు చెదలు తినేశాయి. కింద రెండే మాటలు మిగిలాయి.

ఎవరూ రాలేదు.

పదకొండింటి మీదా అదే.

ఇలాంటివి వచ్చినప్పుడు ఒక పద్ధతుంది. మొత్తం విప్పాలి. వరసగా పేర్చాలి. ఒక్కోటీ రాసుకోవాలి. అప్పుడే నోరు విప్పాలి. ఆ పద్ధతి నాకు నేనే పెట్టుకున్నాను. ఎప్పుడూ తప్పలేదు.

ఆరో కవరు విప్పాను. అంచు తిప్పాను. 40713.

మళ్ళీ చూశాను. మూడే. ఎనిమిది కాదు. ఐదంటే ఐదు నంబర్ల తేడా. ఒకే రోజు, ఒకే వరసలో, ఒకరి వెనక ఒకరు నిలబడి నంబరు వేయించుకున్నవాళ్ళు. ఇతను పోయాడంటే అతనూ పోయే ఉంటాడు, అనుకున్నాను. గోడ గడియారం చూశాను. మూడుకి పది నిమిషాలు.

మూడుకి ఎడమవైపు తెరిచి ఉంటుంది. దాన్ని మూసేస్తే ఎనిమిది.

మావయ్య పెట్టె తెరిచాను. ఎనిమిది అంకె పంచ్ సైజు సరిగ్గా సరిపోయింది. సరిపోకుండా ఉంటే ఎంత బాగుండేదో. మిగతా ఐదు కవర్లు విప్పనే లేదు.

టీచరమ్మ బిళ్ళని అరచేతిలో పెట్టుకుంది. కళ్ళతో చూడలేదు. చూపుడువేలితో అంచు తడుముతూ పోయింది. నాలుగు... సున్నా... ఏడు... ఒకటి... అక్కడ వేలు ఆగింది.

"ఎనిమిది గట్టిగా కొట్టారు," అంది. "కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలాగే కొడతారు, ఆఖరి అక్షరం. ఎప్పుడు అయిపోతుందా అని."

బల్ల మీదున్న పంచ్‌ని నేను కేటలాగు కిందికి తోశాను.

ఆమె ఏడవలేదు. లేచి, నా తల మీద చెయ్యి వేసింది. "ఇంక గడియ పెట్టుకుంటాను తల్లీ," అంది.

మూడు మంగళవారాలు రాలేదు. నాకు హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే, చాలా హాయిగా ఉంది.

నాలుగో మంగళవారం సరిగ్గా మూడింటికి వచ్చింది. పోస్టుకార్డు తీయలేదు. చిక్కిపోయింది. ముఖంలో మాత్రం ఏదో వెలుగు. అత్తయ్య వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి వంగింది.

"తమ్ముడు వచ్చాడు," అంది, గుసగుసగా.

"ఎవరు వచ్చారు టీచరమ్మా?"

"తలుపు కొట్టలేదు. ఆ బిళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, యాభై ఏళ్ళ తర్వాత మొదటిసారి గడియ పెట్టాను చూడు... పెట్టి వెనక్కి తిరిగాను. నడవా చివర, ఫోను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు."

ఎండ బల్ల మీద పడుతోంది.

"మాట్లాడాడా?"

"పేరు పెట్టి పిలిస్తే పలకడు. నంబరు చదివితే తలెత్తుతాడు. నాలుగు అంటే ఎత్తుతాడు. సున్నా, ఏడు, ఒకటి... అలా పైకెత్తుతూనే ఉంటాడు. ఎనిమిది అనగానే దించేస్తాడు." ఆమె వేళ్ళు బల్ల మీద కొట్టడం ఆపేశాయి. "నాకు కళ్ళు ఆనవు తల్లీ. నువ్వొకసారి వచ్చి చూడు. బిళ్ళ చూసి చెప్పినట్టే, వాణ్ని చూసి చెప్పు. నువ్వు అవునంటే అవును."

ఒంటరితనం, అనుకున్నాను. కళ్ళ పొరలు, అనుకున్నాను. అనుకుంటూనే చెప్పులేసుకున్నాను.

ఐదింటికి వాళ్ళింటికి చేరేసరికి మబ్బు పట్టింది. ఇరుకు నడవా. ఎడమవైపు వంటగది, కుడివైపు గుడ్డ కప్పిన టైపు మిషను. లోపలికి రాగానే ఆమె గడియ పెట్టింది. కొత్త గడియ. నూనె వాసన వేస్తోంది. ఆ వాసన వెనక ఇంకోటి... పాత మైనం. నానిన ఇనుము. ఆ డబ్బా మూత తీసినప్పటి వాసన.

చప్పుడు ముందు వినపడింది.

గర్... గర్... గర్...

గోటితో లోహాన్ని గీస్తున్న చప్పుడు.

"రోజంతా అదే," అంది టీచరమ్మ. "బిళ్ళ అలా గీకుతూనే ఉంటాడు. నువ్వెళ్ళు. నేను టీ పెడతాను. నా ముందు బిడియపడతాడేమో."

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడు. గిన్నె పెట్టిన చప్పుడు. మామూలు ఇల్లు. మామూలు సాయంత్రం. నేను నడవాలో నాలుగడుగులు వేశాను.

కుర్చీలో ఎవరో ఉన్నారు.

తలవంచుకుని ఉన్నాడు. సన్నటి భుజాలు. మోకాళ్ళ మధ్య రెండు చేతులు. ఆ చేతుల్లో బిళ్ళ. బొటనవేలి గోరు అంచు మీద ఒకేచోట ఆడుతోంది. ముందుకి, వెనక్కి. ముందుకి, వెనక్కి. అది ఏ చోటో నాకు తెలుసు. ఎనిమిదికి ఎడమవైపు. నేను మూసిన చోటు.

అతను దాన్ని తెరవడానికి గీకుతున్నాడు.

పారిపోవాలి. చేతిలో భూతద్దం ఉంది, ఎప్పుడు తీశానో తెలీదు. అలవాటు. నా నోరు దానంతటదే అంది.

"నాలుగు."

గీకుడు ఆగింది.

"సున్నా... ఏడు..."

తల మెల్లగా లేస్తోంది.

"ఒకటి..."

వంటగదిలో నీళ్ళు మరుగుతున్నాయి. నేను గొంతు తగ్గించాను. నాకే వినపడనంతగా అన్నాను.

"మూడు."

"ఉన్నాను."

మాట కుర్చీలోంచి రాలేదు. నా భుజం పక్కనుంచి వచ్చింది. చెవికి చల్లగా తగిలింది.

అప్పుడు ముఖం పూర్తిగా పైకెత్తాడు. చూశాను. చూడకుండా ఉండాల్సింది. జేబులో ఏళ్ళ తరబడి తిరిగిన పతకం ఎలా అరిగిపోతుందో మీరెప్పుడైనా చూశారా? ముక్కు ఉండాల్సిన చోట ఒక మెట్ట. కళ్ళ దగ్గర రెండు నీడలు. పెదాలు ఒక గీత. అన్నీ ఉన్నాయి, ఏదీ లేదు. వయసు లేదు. పోలిక లేదు. ఎవరి తమ్ముడైనా కావచ్చు.

ఆ గీత కదిలింది.

"నాకోసం... ఎవరొచ్చారు?"

అడిగిన తీరులో కోపం లేదు. చాలాసేపు వరసలో నిలబడినవాడు కిటికీ దగ్గరికొచ్చి అడిగినట్టు అడిగాడు. వెతకనే లేదు నేను. ఆ ఆఖరి అంకె ఎవరిదో, వాడికి అక్క ఉందో, తల్లి ఉందో... ఎవరి ఇంటి తలుపు ఎన్నేళ్ళు తెరిచి ఉందో. ఒక్క దెబ్బతో మూసేశాను.

"గుర్తుపట్టావా తల్లీ?" వంటగదిలోంచి అడిగింది టీచరమ్మ. "వాడేనా?"

స్పూను కప్పుకి తగులుతోంది. టింగ్, టింగ్. మూడు కప్పులు పెట్టినట్టుంది.

కాదని చెప్పాలి. నా పని అదే. ఉన్నది చెప్పాలి. ఆ దర్జీకి చెప్పినట్టు చెప్పాలి. కానీ కాదంటే ఆమె మళ్ళీ ఆ కార్డు తీసుకుని ఎక్కడికి వెళుతుంది? కాదంటే ఇది ఎక్కడికి వెళుతుంది? నా వెంట వస్తుందా?

దానికే భయపడ్డాను. ఆమె కోసం కాదు.

"మీ తమ్ముడే టీచరమ్మా," అన్నాను.

అతని తల వంగిపోయింది. గీకుడు మళ్ళీ మొదలైంది. గర్... గర్...

టీ తాగకుండానే బయటపడ్డాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది. "నువ్వు చెప్పావు, చాలు. ఇంక నాకు ఏ అనుమానమూ లేదు," అంది. నా వెనక గడియ పడింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవగానే డబ్బా ముందేసుకున్నాను. అప్పుడు విప్పని ఐదు కవర్లు విప్పుదామని. ఎందుకంటే ఏం చెప్పను? ఆలస్యంగానైనా పద్ధతిగా ఒక పని చేద్దామని.

నాలుగింటిలో ఎవరెవరి నంబర్లో. ఆఖరిది మందంగా ఉంది. వెలుతురుకి పట్టుకున్నాను. ఒకటి కాదు. రెండు కవర్లు, మైనం కరిగి అంటుకుపోయి ఉన్నాయి. పదకొండు కాదు, పన్నెండు. సన్నటి చాకు దూర్చి విడదీశాను. లోపలి దాంట్లోంచి బిళ్ళ జారి బల్ల మీద పడి, అంచు మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

40718.

అచ్చు గుద్దినది. మూలలు పదునుగా ఉన్నాయి. ఎనిమిది మిగతా అంకెలతో సమానమైన లోతు. ఎవరూ గట్టిగా కొట్టలేదు.

ఆ రోజు ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే. ఐదంటే ఐదు కవర్లు...

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏమైందే? ముఖం అలా పాలిపోయింది? టీ తాగావా?"

"తాగాను," అన్నాను. అదీ అబద్ధమే. ఒకసారి మొదలుపెడితే సులువుగా వచ్చేస్తాయి.

ఆమె వెళ్ళాక కవరు తిప్పి చీటీ చూశాను. అదే ఊదారంగు సిరా. అదే గుమాస్తా రాత. కానీ దీని మీద "ఎవరూ రాలేదు" అని లేదు, వేరే మాటలు రాసి ఉన్నాయి.

ఇంటికి వెళ్ళాం. గడియ పెట్టి ఉంది.

మూడుసార్లు చదివాను. యాభై ఏళ్ళు ఆ తలుపు ఎవరికీ గడియ పెట్టలేదు. దొంగలకి కూడా. పెట్టింది ఒక్క నెలగానే. అంటే ఈ నెలలోనే, ఆమె తమ్ముణ్ణి ఎవరో ఆ గుమ్మం దాకా తెచ్చారు.

వేలు ఆ రాత మీదే ఉంది. తీసి చూస్తే బొటనవేలికి సిరా అంటుకుంది. ఇంకా తడిగా ఉంది.

అది జరిగి ఆరు రోజులు. సబ్బుతో కడిగాను, కిరోసిన్‌తో తుడిచాను, మావయ్య ఆకురాయితో రుద్దాను. తోలు పోయింది. సిరా పోలేదు. ఈ ఆరు రోజులూ అత్తయ్య ఏమడిగినా తలనొప్పి అని చెబుతున్నాను.

ఇవాళ మంగళవారం. మూడింటికి బల్ల ముందు కుర్చీ వేసి ఉంచాను. మూడున్నర అయింది. నాలుగైంది. జీవితంలో మొదటిసారి ఆమె రావాలని కోరుకున్నాను. ఆ కార్డు తీసి నా ముందు పెట్టాలని, ఆ "సరే" అనాలని. రాలేదు.

ఇది రాస్తుంటే నాలుగున్నర దాటింది. డబ్బాలో మిగిలిన కవర్లు బల్ల మీద వరసగా పేర్చాను, పద్ధతి ప్రకారం. పక్కన ఆమె ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం ఉంది. ఇవాళ చేస్తాను. ఇంక వాయిదా వేయను. ముందు ఎనిమిది సంగతి చెబుతాను. ఇంట్లో ఉన్నది మీ తమ్ముడు కాదని చెబుతాను. మీ తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడని, గడియ తీయమని... తీస్తే ఏం లోపలికొస్తుందో నాకు తెలీదు. తీయకపోతే ఏం లోపలుండిపోతుందో తెలుసు.

ఆ ఇంట్లో ఫోను నడవా చివర ఉంటుంది. ఆ కుర్చీ పక్కనే. టీచరమ్మ వంటగదిలోంచి అక్కడికి రావాలంటే పది అడుగులు.

ఎవరు ఎత్తినా సరే, చెబుతాను. రిసీవర్ తీశాను.